లీడ్ గిటార్‌లో స్పీడ్ ఎక్కడ ఆగిపోతోంది? సమస్యలు - పరిష్కారాలు

"రోజూ మెట్రోనోమ్ పెట్టుకుని కూర్చుంటున్నా, 110 దాటడం లేదు." లీడ్ గిటార్, అంటే సోలోలు వాయించే గిటార్, నేర్చుకునేవాళ్లలో చాలామంది మాట ఇదే. మెట్రోనోమ్ అంటే లయ కోసం టిక్ టిక్‌మని బీట్ కొట్టే పరికరం, 110 అంటే నిమిషానికి 110 బీట్లు. వాళ్లకు దొరికే సలహా కూడా ఒక్కటే: నెమ్మదిగా మొదలుపెట్టు, రోజుకింత పెంచుకుంటూ పో. ఈ సలహా సగమే పనికొస్తుంది. 60లో చెయ్యి ఎలా కదిలినా నోట్ శుభ్రంగానే పలుకుతుంది కాబట్టి, కదలికలో ఉన్న తప్పు బయటపడదు. స్పీడ్ పెంచగానే అదే తప్పు అడ్డం పడుతుంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

అందుకు చిన్న పరీక్ష ఉంది. మెట్రోనోమ్ 120లో పెట్టి బీట్‌కు నాలుగు నోట్స్, అంటే సెకనుకు ఎనిమిది వాయించండి. మొదట ఒకే ఫ్రెట్ (గిటార్ మెడ మీద రెండు అడ్డ కడ్డీల మధ్య చోటు) నొక్కి పట్టుకుని, పిక్ (స్ట్రింగ్‌ను మీటే చిన్న పలక)తో కిందికి ఒకటి, పైకి ఒకటి, అంటే డౌన్, అప్ పికింగ్ మాత్రమే. తర్వాత అదే స్ట్రింగ్ మీద నాలుగు వేళ్లతో. ఆ తర్వాత రెండు స్ట్రింగ్స్ మీద. ఎక్కడ తడబడ్డారో అక్కడే మీ సమస్య ఉంది.

మొదటి దాంట్లోనే చెయ్యి బిగుసుకుపోతోంది

పిక్ స్ట్రింగ్స్ లోపలికి మరీ లోతుగా దిగుతోంది, లేదా కదలిక మణికట్టు నుంచి కాకుండా మోచేతి నుంచి బలవంతంగా వస్తోంది. పిక్ మొన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే వేళ్ల బయట ఉండేలా పట్టుకోండి. అర మిల్లీమీటరు మందం పిక్ వంగి లేచేసరికి ఆలస్యమవుతుంది, లీడ్‌కు ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే మందంగా ఉన్నది తీసుకోండి. నిమిషాల తరబడి సాగదీయొద్దు. ఒక్క బీట్ వేగంగా వాయించి ఆపి, భుజం వదులు చేసి, మళ్లీ ఒక్క బీట్. వదులుగా వచ్చినప్పుడు రెండు బీట్లు.

పికింగ్ బాగుంది, ఎడమ చెయ్యి కలిస్తే గజిబిజి

వేలు ఫ్రెట్ మీదికి చేరకముందే పిక్ కొట్టేస్తోంది, లేదా చేరాక ఆలస్యంగా కొడుతోంది. ప్రతి నాలుగు నోట్స్‌లో మొదటిదాన్ని గట్టిగా కొట్టండి. రెండు చేతులూ ఆ నోట్ దగ్గర కలుసుకుంటే మధ్యలోవి వాటంతట అవే సర్దుకుంటాయి. చాలామంది అవసరానికి మించి నొక్కుతారు కూడా. వేలు స్ట్రింగ్‌కు తాకించి, బరబర శబ్దం పోయి నోట్ స్పష్టంగా పలికే దాకా మెల్లగా బలం పెంచి చూడండి. అంత బలం చాలు. ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా నొక్కితే ఇంకా తక్కువే పడుతుంది. చిటికెన వేలు ఊరికే పైకి లేస్తుంటే ఉంగరం వేలు, చిటికెన వేలు రెండింటితోనే కొన్నాళ్లు సాధన చెయ్యండి.

స్ట్రింగ్ మారగానే తెగిపోతోంది

నా లెక్కలో ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే, అయితే నింద మాత్రం ఎడమ చేతి మీద పడుతుంది. పిక్‌ను పట్టుకున్న వైపు కొద్దిగా నేలవైపు వాలి ఉంటే, అప్ స్ట్రోక్‌తో మొన స్ట్రింగ్స్ బయటికి లేస్తుంది, డౌన్ స్ట్రోక్‌తో రెండు స్ట్రింగ్స్ మధ్యకు దిగిపోతుంది. ఒక్కో స్ట్రింగ్ మీద రెండు లేదా నాలుగు నోట్స్ ఉన్నాయనుకోండి, డౌన్‌తో మొదలుపెడితే చివరిది అప్ అవుతుంది. పిక్ బయటే ఉంటుంది, ఏ స్ట్రింగ్ మీదికైనా వెళ్లొచ్చు. మూడు నోట్స్ అయితే డౌన్, అప్, డౌన్. పిక్ లోపల ఇరుక్కుంటుంది, దాన్ని ఎత్తి దాటించేందుకు మణికట్టు గెంతుతుంది. 90లో ఆ గెంతు కనపడదు. 130లో లయ తప్పుతుంది.

దారులు రెండు. సన్న స్ట్రింగ్ వైపు వెళ్తుంటే ఆ డౌన్ స్ట్రోక్‌నే ఆపకుండా పక్క స్ట్రింగ్ మీదికి జార్చండి. లావు స్ట్రింగ్ వైపు వస్తుంటే మొదటి రెండు నోట్స్ డౌన్, అప్ కొట్టి, మూడోది పుల్-ఆఫ్‌తో, అంటే పిక్ కొట్టకుండా ఎడమ చేతి వేలిని స్ట్రింగ్ మీంచి లాగి వదిలి, పలికించండి. చివరిగా కొట్టింది అప్ కాబట్టి పిక్ బయటే ఉంటుంది. ఫోన్ వీడియో స్లో మోషన్‌లో కుడి చెయ్యిని తీసి చూస్తే ఇదంతా కళ్లకు కనిపిస్తుంది. స్కేల్ మొత్తం వాయించకుండా, మార్పుకు ముందు రెండు నోట్స్, తర్వాత రెండు నోట్స్ మాత్రమే పట్టుకుని తిప్పండి.

ఎక్సర్‌సైజ్ వస్తుంది, సోలోలో రాదు

మెట్రోనోమ్ అంకె పెంచడమే సాధన అనుకుంటే ఇలాగే అవుతుంది. మెట్రోనోమ్ 70లోనే ఉంచి, సోలోలోని చిన్న ముక్కను బీట్‌కు ఒక నోట్, తర్వాత రెండు, తర్వాత నాలుగు చొప్పున వాయించండి. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలను మూడు కాలాల్లో (వేగాల్లో) పాడించేది ఈ పద్ధతిలోనే. తాళం కదలదు కాబట్టి లయ మనసులో నిలుస్తుంది. మూడో కాలంలో చెదిరిన చోటు ఏదో, పైన చెప్పిన పరీక్షతో తేల్చుకోండి.

డిస్టార్షన్ పెడితే రొద

డిస్టార్షన్ అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్. కొట్టని స్ట్రింగ్స్ మోగకుండా కుడి అరచేతి అంచును లావు స్ట్రింగ్స్ మీద ఆనించండి. ఎడమ చూపుడు వేలును సన్న స్ట్రింగ్స్ మీద తేలిగ్గా వాల్చండి. సాధన మాత్రం ఆ ఎఫెక్ట్ లేని క్లీన్ టోన్‌లోనే చెయ్యండి. డిస్టార్షన్ సరిగా పలకని నోట్‌ను కప్పేస్తుంది.

గిటార్‌ను కూడా ఒకసారి చూసుకోండి. ఎలక్ట్రిక్ గిటార్‌లో 12వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు రెండు మిల్లీమీటర్లకు బాగా మించితే సెటప్ చేయించండి, అంటే ఆ ఎత్తును సరిచేయించండి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో స్ట్రింగ్స్ త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి వస్తే వెంటనే ఆపండి. విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి, అప్పటిదాకా గిటార్ ముట్టొద్దు.