నకలు కార్డుకు గేటు తెరుచుకుంటోందా? ముందు రీడర్‌ను అనుమానించండి

లక్షణాలు రెండు. పోయిన కార్డును సాఫ్ట్‌వేర్‌లో రద్దు చేసినా దానికి గేటు తెరుచుకుంటుంది. లేదా ఒకే కార్డు ఒకే నిమిషంలో ముందు గేటులోనూ వెనక గేటులోనూ నమోదవుతుంది.

మొదటిదానికి కార్డును తిట్టకండి. గేటు తెరవాలో వద్దో తేల్చే పెట్టె, అంటే కంట్రోలర్, చెల్లే కార్డుల జాబితాను తనలోనే ఉంచుకుంటుంది. రద్దు సంగతి అక్కడికి చేరకపోతే దాని లెక్కలో ఆ కార్డు ఇంకా చెల్లుతుంది. కేబుల్ చూసి జాబితా మళ్లీ పంపండి. ఈ ఒక్క పనీ చేయకుండా నన్ను పిలిపించినవాళ్లు ఎందరో! రెండోదానికి ముందు రెండు కంట్రోలర్ల గడియారాలు సరిచూడండి.

అవి సరిగ్గా ఉంటే కార్డుకు నకలు పుట్టినట్టే. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోనుకు కార్డు ఆనిస్తే ఉలుకూ పలుకూ లేదంటే అది బహుశా 125 కిలోహెర్ట్జ్ పాత రకం. అడిగిన ప్రతి రీడర్‌కూ నంబరు చెప్పేస్తుంది. మైఫేర్ క్లాసిక్ అనే రకమైతే దాన్ని కాపాడే 48 బిట్ల రహస్య లిపి క్రిప్టో-1 గుట్టు 2008లోనే రట్టయింది. రెండింటికీ మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

నన్ను ముంచింది ఇవేవీ కావు. ఒక అపార్ట్‌మెంట్‌లో నేనే పట్టుబట్టి ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న డెస్‌ఫైర్ రకం కార్డులు కొనిపించాను. నెల తిరక్కుండా నకలు కార్డుతో ఎవరో లోపలికి వచ్చారు. రెండు రోజులు కార్డులతోనే కుస్తీ పట్టి, విసుగొచ్చి జేబులోని మెట్రో కార్డును రీడర్‌కు చూపించాను. గేటు తెరుచుకోలేదు, కానీ లాగ్‌లో ‘తెలియని కార్డు’ అంటూ ఒక నంబరు పడింది. మా కీ (మా కార్డులకూ రీడర్‌కూ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య) లేని కార్డు నుంచి నంబరు ఎలా వచ్చింది? రీడర్ కీ జోలికే వెళ్లడం లేదు! ఏ ఫోనుకైనా కనిపించే 7 బైట్ల యూఐడీని, అంటే కార్డు గుర్తింపు సంఖ్యను, చదివి కంట్రోలర్‌కు పంపేస్తోంది. యూఐడీ మార్చుకోగల ఖాళీ కార్డులో ఆ నంబరు రాస్తే నకలు సిద్ధం. అంత ఖరీదైన కార్డు ఒట్టి నంబరు బిళ్లగా మిగిలింది.

రీడర్ సెట్టింగుల్లో యూఐడీ మోడ్ ఆపండి. ఏఈఎస్ ధ్రువీకరణ అయ్యాకే కార్డు ఫైలులోని నంబరు చదివేలా పెట్టండి. ధ్రువీకరణ కుదరకపోతే యూఐడీ పంపే సెట్టింగు కొన్నిటిలో విడిగా దాక్కుని ఉంటుంది, అదీ ఆపండి. అన్నీ సున్నాలుండే ఫ్యాక్టరీ కీ మార్చి, కార్డులన్నీ తిరిగి రాయండి. రీడర్‌లో ఈ సౌకర్యమే లేకపోతే రీడర్ మార్చండి, కార్డులు కాదు.

ఆ తర్వాతే కార్డులో యాదృచ్ఛిక యూఐడీ సెట్టింగు పెట్టండి. ఆనించిన ప్రతిసారీ 08తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది కాబట్టి దొంగ రీడర్ పెట్టి యూఐడీతో మనిషి రాకపోకలు కనిపెట్టలేరు. ఒకసారి పెడితే వెనక్కి తీసుకోలేరు, ముందు మిగులు కార్డు మీద చూడండి.

రీడర్ వెనక వైర్లలో నంబరు పట్టుకోవడం, కార్డు సిగ్నల్‌ను దూరానికి మోయడం లాంటి దొంగదారులు కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ గేటు కోసం అంత శ్రమ పడేవాళ్లు అరుదు.

అంతా అయ్యాక మెట్రో కార్డు మళ్లీ చూపించండి. ఈసారి లాగ్‌లో ఏ నంబరూ పడకూడదు.