కార్ లిఫ్ట్ కొనే ముందు టేపు పట్టుకోండి

ఇంటి గ్యారేజీకి లిఫ్ట్ అనగానే అందరూ ఎన్ని టన్నులు లేపుతుందనే చూస్తారు. ముందు సీలింగ్ ఎత్తు కొలవండి, అదీ గ్యారేజీ తలుపు పూర్తిగా పైకి తెరిచి. తలుపు పట్టాలు, లైటు ఎంత కిందికి ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. 5 అడుగుల ఎత్తున్న కారును 6 అడుగులు లేపాలంటే 11 అడుగులకు పైనే కావాలి. అంత లేకపోతే కత్తెరలా విచ్చుకుంటూ కారును కొంత ఎత్తుకే లేపే సిజర్ లిఫ్ట్‌తో సర్దుకోవచ్చు, కాస్త నడుం వంచక తప్పదు.

రెండు స్తంభాల లిఫ్ట్ అయితే ఒరిగిపోకుండా పట్టి ఉంచేది గచ్చులోకి దింపి బిగించే యాంకర్ బోల్టులే. గచ్చు మందం ఎవరినో అడిగి ఊరుకోకండి, ఓ మూల చిన్న రంధ్రం వేయించి చూడండి. చాలా మోడళ్లకు కనీసం 4 అంగుళాల కాంక్రీటు ఉండాలి. టైల్స్ మీద మాత్రం బిగించొద్దు. రిపేర్ల గొడవ లేదు, కారు కింద ఇంకో కారు పెట్టుకుంటే చాలనుకుంటే నాలుగు స్తంభాలదే హాయి.