బడిలో రోబో, 3వ పాఠం: గోడ ఎంత దూరం?

పోయిన పాఠంలో ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఎల్‌ఈడీ వెలిగించి ఆర్పాం. ఈసారి అదే బోర్డును తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలోకి తీసుకెళ్దాం. దానితో పాటు మనకు వినిపించని ధ్వనితో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్, నాలుగు జంపర్ వైర్లు, ఒక టేపు, ఒక థర్మామీటరు కావాలి. సెన్సర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. రెండు తెచ్చుకోండి. వైరు తప్పు పెట్టి ఒకటి పాడైనా పీరియడ్ ఆగదు.

క్లాసుకు వెళ్లగానే బోర్డు బయటికి తీయకండి. గోల్కొండతో మొదలుపెట్టండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుందని మన పిల్లలకు తెలుసు. చాలామంది అక్కడ కొట్టి చూసినవాళ్లే. "కొట్టిన క్షణానే పైన వినిపిస్తుందా?" అని అడగండి. మధ్య దూరం సుమారు కిలోమీటరు అంటారు. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుందనుకుంటే ఎన్ని సెకన్లు పడుతుందో వాళ్లనే లెక్క కట్టనివ్వండి. దాదాపు మూడు సెకన్లని తేలాక, "మరి మన క్లాసులో చప్పట్లు కొడితే గోడ నుంచి ప్రతిధ్వని ఎందుకు రాదు?" అనండి. వస్తుంది, కానీ అసలు చప్పుడులో కలిసిపోతుంది. రెండూ విడిగా వినిపించాలంటే మధ్యలో సెకనులో పదో వంతైనా తేడా ఉండాలి. అంటే గోడ కనీసం 17 మీటర్ల అవతల ఉండాలి. మన చెవి పట్టుకోలేని ఆ తేడాను సెన్సర్ పట్టుకుంటుంది. పిల్లలకు దాని అవసరం అర్థమైంది కాబట్టి ఇప్పుడు బయటికి తీయండి.

సెన్సర్‌ను ప్రతి బెంచీకీ చేతికివ్వండి. దాని మీద వెండిరంగు డబ్బీలు రెండుంటాయి. ఒకదాని పక్కన టి, ఇంకోదాని పక్కన ఆర్ అని ఉంటుంది. టి నోరు, ఆర్ చెవి. నోరు 40,000 హెర్ట్జ్ ధ్వని పంపుతుంది. మనకు 20,000 దాటితే వినిపించదు. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలుస్తుంది.

వైర్లు కలపడం సులువే. సెన్సర్ పిన్‌లలో కరెంటు తీసుకునే వీసీసీని బోర్డు మీది 5 వోల్ట్ పిన్‌కి, గ్రౌండ్‌ని గ్రౌండ్‌కి, ధ్వని పంపమనే సిగ్నల్ అందుకునే ట్రిగ్‌ని 9వ పిన్‌కి, కాలాన్ని తెలిపే ఎకోని 10వ పిన్‌కి కలపండి. ప్రోగ్రాం ట్రిగ్‌కి 10 మైక్రోసెకన్ల సిగ్నల్ ఇచ్చి, ధ్వని వెళ్లి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని ఎకో పిన్ నుంచి మైక్రోసెకన్లలో చదువుతుంది. సెకనుకు 340 మీటర్లంటే మైక్రోసెకనుకు 0.034 సెంటీమీటర్లు, కాబట్టి ఆ కాలాన్ని 0.034తో గుణించి 2తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది.

ఆ 2 దగ్గర తొందరపడకండి. మొదటి ఏడాది నేను నేరుగా స్క్రీన్ మీద అంకె చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తర్వాత "2తో ఎందుకు భాగించాం?" అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలు సంతోషపడ్డారు గానీ నేర్చుకోలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు ముందు ఒక పిల్లనో పిల్లాణ్నో "నువ్వే ధ్వనివి" అని బల్ల దగ్గర నిలబెడతాను. గోడ దాకా నడిచి, తాకి, తిరిగి రావాలి. మిగతావాళ్లు అడుగులు లెక్కపెడతారు. 24 అడుగులు వస్తే గోడ ఎంత దూరం? 12 అని క్లాసంతా ఒక్కసారే అరుస్తుంది. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారైంది. దాన్ని తెచ్చినవాళ్లలో ఒకరైన సేమూర్ పేపర్ట్, ఆ భాషలో ఇచ్చిన ఆదేశాలతో తెర మీది తాబేలు ఎలా కదులుతుందో పిల్లలు తామే నడిచి తెలుసుకోవాలనేవారు.

ఇక కొలత. గోడ నుంచి టేపుతో సరిగ్గా 200 సెంటీమీటర్లకు సెన్సర్ పెట్టండి. ఏ అంకె వస్తుందో ముందుగా నోటుబుక్కులో రాయించండి. ఒంటిపూట బడుల రోజుల్లో, ఎండ ముదిరాక ఇది చేస్తే 200 రాదు, 193 దగ్గర చూపిస్తుంది. సెన్సర్ పాడైందని మార్చబోకండి, అసలు పాఠం ఇక్కడే ఉంది. థర్మామీటరు చూపించండి. సున్నా డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు. డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 35 డిగ్రీల గదిలో 352. మనం ప్రోగ్రాంలో రాసింది 340. ధ్వని త్వరగా తిరిగొచ్చింది కాబట్టి గోడ దగ్గరగా ఉందని బోర్డు అనుకుంది. 0.034 తీసేసి 0.0352 పెట్టమని పిల్లలకే చెప్పండి. అంకె 200 దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడండి. మిషన్ చెప్పిన తప్పును తామే పట్టుకుని దిద్దారు మరి.

వచ్చే పాఠానికి మీరు ఇంట్లో చేయాల్సినది: సెన్సర్ ముందు గోడకు బదులు దిండు, తర్వాత ఏటవాలుగా పట్టుకున్న అట్ట పెట్టి, వచ్చిన అంకెలు రాసుకోండి. రెండు చక్రాల బండి మీద ఈ సెన్సర్ బిగించి, గోడకు 20 సెంటీమీటర్ల ముందు ఆపేటప్పుడు ఆ అంకెలు కావాలి.