రాత్రంతా సినిమాలు వేస్తున్నారా? తెల్లవారుజాము మూడింటి సంగతి ముందే ఆలోచించండి

మహాశివరాత్రి దగ్గర పడిందంటే మా కమ్యూనిటీ హాలులో తెర కట్టే పని మొదలవుతుంది. జాగారం ఉండేవాళ్ల కోసం రాత్రి పదింటి నుంచి తెల్లవారే దాకా వరసగా మూడు సినిమాలు వేస్తాం. టికెట్ ఉండదు. ఈ ఏర్పాట్లలో పదేళ్లకు పైగా చెయ్యి వేస్తున్నాను. జాగ్రత్తలన్నీ జనం వచ్చే వేళ కోసం పెట్టుకుంటాం. ప్రమాదం మాత్రం మూడు దాటాక, పనిచేసేవాళ్ల కళ్లు కూడా మూతలు పడుతున్నప్పుడు వస్తుంది.

ఒక ఏడాది నాలుగు గంటలప్పుడు కరెంటు పోయింది. కుర్చీల మధ్య దారిలో అప్పటికే చాలామంది చాపలు, దుప్పట్లు పరుచుకొని పడుకున్నారు. బయటికి వెళ్దామని లేచిన ఒకాయన కాలు చీకట్లో ఒక పెద్దావిడ మణికట్టు మీద పడింది. ఆమె కేకకు పిల్లలు ఉలిక్కిపడి లేచారు. ఏం జరిగిందో తెలియక జనం వెనక తలుపు వైపు కదిలారు. తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంది, వాచ్‌మన్ టీ కోసం వీధి చివరికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో జనరేటర్ అందుకుంది కాబట్టి ఆ పెద్దావిడ చేతికి కట్టు కట్టించడంతో సరిపోయింది. అదే సమయంలో హాలులో పొగ కూడా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. కింద పార్కింగ్ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు మొదలైతే, పొగ పైకి ఎగబాకి బాల్కనీలో ఉన్నవాళ్లను చుట్టుముట్టింది. అదనంగా వేసిన సీట్లు బయటికి వెళ్లే దారికి అడ్డమయ్యాయి. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. జనం ఎక్కువగా వచ్చారు కదా అని దారిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేయబోయిన ప్రతిసారీ నాకు ఆ హాలే గుర్తొస్తుంది.

అందుకే ఇప్పుడు మా దగ్గర మొదటి నియమం తలుపులది. సినిమా నడుస్తున్నంతసేపూ ఏ తలుపుకూ తాళం ఉండదు. టికెట్ లేని వాళ్లు వస్తారన్న బెంగ ఉచిత ప్రదర్శనకు ఎలాగూ అక్కర్లేదు. దొంగల భయం ఉంటే తలుపు దగ్గర మనిషిని కూర్చోబెట్టండి, తాళం మాత్రం వేయకండి. రెండో నియమం పడుకునేవాళ్లది. జాగారానికి వచ్చినవాళ్లు నిద్రపోకూడదని మనం అనుకున్నా, పిల్లలూ పెద్దవాళ్లూ పడుకుంటారు. వద్దని గదమాయిస్తే లాభం లేదు. పక్క గదిలోనో వరండాలోనో పట్టాలు పరిచి, చిన్న దీపం పెట్టి చోటు చూపించండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజామున చలి కొరుకుతుంది కాబట్టి దుప్పటి తెచ్చుకొమ్మని ముందే చెప్పాలి. కుర్చీల మధ్య దారి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఇంటర్వెల్ వచ్చిన ప్రతిసారీ ఒకరు టార్చిలైటుతో ఆ దారి వెంట చివరిదాకా నడిచి రావాలి.

కార్యకర్తలంతా రాత్రి పదింటికే ఉత్సాహంగా వచ్చేసి, రెండింటికల్లా ఒక మూల కూలబడతారు. అలా కాకుండా సగంమంది సాయంత్రం ఇంటి దగ్గర నిద్రపోయి ఒంటి గంటకు రావాలి. మూడు నుంచి ఆరు దాకా ఉండేవాళ్లు వేరే మనుషులు కావాలి. ఈ ఒక్క మార్పు మాకు చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. ప్రొజెక్టర్, సౌండ్ బాక్సులు, టీ కెటిల్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించడం నేను చాలా చోట్ల చూశాను. 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర మోయగలిగింది 1380 వాట్లే. కెటిల్ ఒక్కటే 1500 వాట్లు లాగేస్తుంది. టీ కాచేది వంటగదిలోనే ఉండాలి. నేల మీద వైర్లను టేపుతో అతికించాలి. జనరేటర్‌ను కిటికీలకు దూరంగా ఆరుబయటే పెట్టాలి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, నిద్రపోతున్నవాళ్లు లేవకుండానే ప్రాణం తీస్తుంది. డీజిల్ పోయాలంటే ఆపి, చల్లారాకే పోయాలి.

ఉపవాసం సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగరు జబ్బుకు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఏమీ తినకుండా రాత్రంతా మేలుకుంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. చీకటి హాలులో పక్కవాళ్లు అది నిద్రమత్తు అనుకుంటారు. మనిషికి తెలివి ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. అసలు ఇలాంటి వాళ్లు పండగకు ముందే డాక్టరును అడిగి మందుల మోతాదు మార్చుకోవాలి. ఉడికించిన చిలగడదుంపలు, అరటిపళ్లు, మంచినీళ్లు హాలులో అందుబాటులో ఉంచితే ఎవరి నియమానికీ భంగం ఉండదు. నీళ్లు కూడా ముట్టకుండా ఉంటానని పట్టుబట్టే పెద్దవాళ్లను వాళ్ల పిల్లలే బతిమాలాలి, బయటివాళ్ల మాట వినరు.

మూర్ఛ ఉన్నవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. నిద్ర లేకపోవడం, తెర మీద మెరిసి ఆరే వెలుగులు రెండూ కొందరిలో ఫిట్స్ తెప్పిస్తాయి. ఆ సమయంలో చేతిలో తాళంచెవులు పెట్టడం మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల ఏమీ ఒరగదు. పళ్ల మధ్య చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. చుట్టూ ఉన్న కుర్చీలు తీసేసి, కొట్టుకోవడం తగ్గాక మనిషిని పక్కకు తిప్పి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108ని పిలవండి.

అనుమతుల మాట క్లుప్తంగా చెబుతాను. ఉచితమైనా సరే సినిమా హక్కుదారుల అనుమతి కావాలి. పిల్లలు వచ్చే చోట ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా వేయకూడదు. ఆరుబయట మైకులకు రాత్రి పది నుంచి ఆరు దాకా నిషేధం ఉంది. పండగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అది అర్ధరాత్రి వరకే. మూసి ఉన్న హాలు లోపల వేసుకోవచ్చు, శబ్దం మాత్రం బయటి ఇళ్లను నిద్ర లేపకూడదు.

ఇక ఇంటికి వెళ్లే దారి. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని పరిశోధనలు చెబుతున్నాయి. మన చట్టం డ్రైవరుకు ఒప్పుకునేది 0.03 శాతమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ మూడు సెకన్లు రెప్ప వాలిస్తే బండి 50 మీటర్లు కళ్లు మూసుకొని వెళ్లినట్టే. వెనక లైట్లు లేని ట్రాక్టర్లు రోడ్డు మీద ఉండేది కూడా ఆ వేళలోనే. పిల్లాడిని పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని బయలుదేరవద్దు, వాడు నిద్రలో పక్కకు ఒరుగుతాడు. మా హాలు ఉదయం ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది. కాఫీ తాగి అరగంట పడుకొని వెళ్లండని మైకులో చెబుతాం. దూరం వాళ్లకు ఆటోలు మాట్లాడి పెడతాం.

అందరూ వెళ్లాక తాళం వేసే ముందు మరుగుదొడ్లు, మెట్ల కింద, తెర వెనక ఒకసారి చూడండి. పోయినేడాది మాకు తెర వెనక, స్పీకర్ పెట్టె పక్కన ముడుచుకొని ఒక ఆరేళ్ల బాబు కనిపించాడు. వాడి చొక్కా జేబులో వాళ్లమ్మ రాసి పెట్టిన ఫోను నంబరు కాగితం ఉంది.