యూనివర్సిటీకి షేర్లు విరాళంగా ఇచ్చాం: రసీదు చిక్కు ఇలా తీరింది

నేను ఎమ్మెస్ చదివిన అమెరికా యూనివర్సిటీలోని స్కాలర్‌షిప్ ఫండ్‌కి ఏటా చెక్కు పంపేవాణ్ణి. పన్ను మాత్రం ఏమీ తగ్గేది కాదు. కారణం స్టాండర్డ్ డిడక్షన్, అంటే అమెరికాలో ఖర్చుల వివరాలు చూపించకపోయినా ఆదాయంలోంచి తగ్గించే స్థిరమైన మొత్తం. మన ఖర్చులు దాన్ని దాటితేనే విరాళం లెక్కకొస్తుంది. 2024లో భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే అది 29,200 డాలర్లు. ఇంటి లోన్ వడ్డీ, రాష్ట్ర పన్నులు, విరాళం అన్నీ కలిపినా మా లెక్క దాన్ని దాటేది కాదు.

అందుకని ఆ మొత్తం దాటేలా, రెండేళ్లకు ఇవ్వాలనుకున్నది 2024లోనే ఇచ్చేశాం. అదీ డబ్బుగా కాదు, ఏడాదికి పైగా మా దగ్గరున్న, బాగా పెరిగిన షేర్లుగా. వాటిని అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. షేర్లే ఇస్తే ఆ పన్ను ఉండదు, 2024లో ఇచ్చిన రోజు మార్కెట్ విలువంతా మినహాయింపుగా చూపించుకునే వీలుండేది (ఆ ఏటి ఆదాయంలో 30 శాతం వరకు, మిగిలింది తర్వాతి ఐదేళ్లలో వాడుకోవచ్చు). నష్టంలో ఉన్న షేర్లయితే అమ్మి డబ్బివ్వడమే మేలు.

అసలు టెన్షన్ బదిలీ దగ్గరే. చెక్కుకైతే పోస్టు చేసిన తేదీ చాలు. బ్రోకరేజ్ నుంచి పంపే షేర్లు డిసెంబర్ 31లోపు యూనివర్సిటీ ఖాతాకి చేరాలి. మావి చేరాయి, కానీ దాత పేరు లేకుండా! రసీదు రాలేదు. కంపెనీ పేరు, షేర్ల సంఖ్య, పంపిన తేదీ రాసి, బ్రోకరేజ్ స్టేట్‌మెంట్ జత చేసి విరాళాల ఆఫీసుకి మెయిల్ పెట్టాక గుర్తించి ఉత్తరం పంపారు. 250 డాలర్లు, ఆపైన విరాళానికి ఆ ఉత్తరం తప్పనిసరి. షేర్ల విలువ 500 డాలర్లు దాటితే, డబ్బు కాని విరాళాల వివరాలు రాసే ఫారం 8283 కూడా పన్ను రిటర్నుకి జత చేయాలి.

మీరు ఇచ్చేటప్పుడు షేర్లు కదలకముందే ఆ మెయిల్ పెట్టండి. ఏ స్కాలర్‌షిప్‌కో కూడా అందులోనే రాయండి.