పతకంలో అదృష్టం పాలెంత? ఫలితాల పట్టీ చదివే పద్ధతి

పెద్దగా పేరులేని క్రీడాకారుడు శీతాకాల క్రీడల్లో పతకం కొడితే నక్క తోక తొక్కొచ్చాడని తేల్చేస్తాం. తేల్చే ముందు ఫలితాల పట్టీ తీసి, ఆ పోటీలో ఎన్ని పరుగులు (ట్రాక్‌పై మొదటి నుంచి చివరిదాకా ఒక్కో దిగడం ఒక పరుగు) లెక్కకొచ్చాయో చూడండి. ఒలింపిక్ లూజ్ (మంచు గొట్టంలాంటి ట్రాక్‌లో చిన్న స్లెడ్‌పై వెల్లకిలా జారే ఆట) సింగిల్స్‌లో నాలుగు పరుగుల సమయం కలుపుతారు కాబట్టి ఒకసారి కలిసొచ్చినంత మాత్రాన సరిపోదు. కొండపై నుంచి స్కీలపై దూసుకొచ్చే డౌన్‌హిల్‌లో ఉన్నది ఒకే పరుగు. ఇద్దరేసి స్కేటర్లు వేర్వేరు లేన్లలో పోటీపడే స్పీడ్ స్కేటింగ్ 500 మీటర్లను లోపలి, బయటి లేన్ల తేడా పోవడానికి 1998 నుంచి 2014 దాకా ఒలింపిక్స్‌లో రెండేసి సార్లు పరుగెత్తించారు. 2018 నుంచి మళ్లీ ఒక్కసారే. అందుకే ఇప్పుడు లేన్ కూడా చూడాలి. చివరి మలుపు లోపలి లేన్‌లో వచ్చినవాళ్లకు ఆ వేగంలో బిగుతైన వంపు పట్టడం కష్టం.

ఆల్పైన్ స్కీయింగ్ (డౌన్‌హిల్‌లాంటి కొండ దిగే స్కీ పోటీలు) అయితే పట్టీని ర్యాంకుల వరసలో కాకుండా బిబ్ నంబర్ల (ఎవరు ఎన్నోవారుగా దిగారో చెప్పే ఛాతీ నంబర్ల) వరసలో మళ్లీ పేర్చండి. ముందూ వెనకా దిగిన అయిదారుగురి సమయాలూ కలిసే పెరిగిపోయాయంటే ట్రాక్ గాడులు పడిందనో, వెలుతురు తగ్గిందనో అనుకోవచ్చు. ఒక్కరికే పెరిగితే తప్పు ఆ ఒక్కరిదే. అలాగని నంబరే తలరాత కాదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ సూపర్-జీలో (ఇదీ ఆల్పైన్ పోటీయే) చెక్ క్రీడాకారిణి ఎస్టర్ లెడెట్స్కా 26వ నంబరుతో దిగి 0.01 సెకను తేడాతో గెలిచింది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో అది 25 సెంటీమీటర్లు, జానెడు పైచిలుకు! అంత చిన్న తేడాను బట్టి ఇద్దరిలో ఎవరు మేటి అని తీర్పు చెప్పకండి.

స్కీ జంపింగ్‌లో గాలి పాయింట్ల గడి చూడాలి. ఎదురుగాలి జంపర్‌ను పైకి ఎత్తిపట్టుకుంటుంది కనుక పాయింట్లు కోస్తారు, వెనకగాలికి కలుపుతారు. ఈ లెక్క సగటు గాలిని బట్టి వేసేది. సరిగ్గా ఎగిరే క్షణాన తగిలిన విసురు అందులో పూర్తిగా కనబడదు. లార్జ్ హిల్ (పెద్ద ర్యాంప్) పోటీలో ఎగిరిన దూరానికి మీటరుకు 1.8 పాయింట్లు. ఇద్దరి గాలి పాయింట్ల మధ్య 9 తేడా ఉందంటే అయిదు మీటర్ల దూరాన్ని సర్దినట్టు. గెలుపు తేడా అంతకన్నా తక్కువైతే అనుమానం ఉంచుకోండి.

ఎక్కువమంది పొరబడేది స్కీయింగ్‌, తుపాకీ షూటింగ్‌ కలిసిన బయాథ్లాన్ దగ్గర. అందులో స్ప్రింట్ అనే రేసులో పది గుళ్లు పేల్చాలి. సగటున పదికి తొమ్మిది కొట్టే దిట్టకు కూడా పదికి పదీ పడే అవకాశం 35 శాతమే (0.9ని పదిసార్లు గుణించి చూడండి). పదికి ఎనిమిది కొట్టేవాడికి దాదాపు 11 శాతం. కాబట్టి సగటు షూటర్ కూడా అప్పుడప్పుడు ఒక్కటీ తప్పకుండా ముగిస్తాడు, అదే రోజు దిట్ట రెండు తప్పొచ్చు. తప్పిన ప్రతి గుండుకూ 150 మీటర్ల పెనాల్టీ లూప్ తిరగాలి, ఇరవై సెకన్లకు పైనే పోతాయి. ఒక రేసు చూసి గురి కుదిరిందనకండి, సీజన్ మొత్తం షూటింగ్ శాతం చూడండి. స్కీ సమయం రేసుకూ రేసుకూ అంతగా ఊగదు కాబట్టి సత్తా అంచనాకు ఆ స్కీ సమయమే నమ్మదగ్గది.

షార్ట్ ట్రాక్‌లో (చిన్న మంచు ట్రాక్‌పై అందరూ ఒకేసారి పోటీపడే స్కేటింగ్‌లో) సమయాల పట్టీ పెద్దగా పనికిరాదు, వీడియో చూడాల్సిందే. 2002 సాల్ట్‌లేక్ సిటీ 1000 మీటర్ల ఫైనల్‌లో ముందున్న నలుగురూ చివరి మలుపులో పడిపోతే వెనక ఉన్న ఆస్ట్రేలియా స్కేటర్ స్టీవెన్ బ్రాడ్‌బరీ స్వర్ణం అందుకున్నాడు. వాళ్లు పడటం అదృష్టమే. వేగంలో వాళ్లను అందుకోలేనని తెలిసి, గుంపుకు ఎడంగా వెనకే ఉండటం మాత్రం అతని ఎత్తుగడ.