కొత్త బీడు పెనాన్ని అట్లకు అలవాటు చేయడం ఎలా?

కొత్త బీడు పెనం మీద వేసిన మొదటి అట్టు ఎవరికీ సరిగ్గా రాదు. చిరిగి, ముద్దయి, సగం పెనానికే ఉండిపోతుంది. దాంతో చాలామంది పెనాన్ని మూలన పడేసి మళ్లీ నాన్‌స్టిక్ దగ్గరికే పోతారు. తప్పు పెనానిది కాదు, దానికి ఇంకా అలవాటు కాలేదంతే. రెండు సాయంత్రాలు దాని కోసం పెట్టుకుంటే చాలు.

అసలు జరిగేదేమిటంటే, నూనెను పలచగా పట్టించి పొగ వచ్చేదాకా కాలిస్తే అది ఇక నూనెగా మిగలదు. దానిలోని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి, ఇనుమును కరుచుకుని, గట్టి నల్లటి పొరగా మారతాయి. ఇప్పుడందరూ సీజనింగ్ అంటున్నది దీన్నే. మా అమ్మమ్మకు ఆ మాట తెలియదు. ‘పెనం నున్నబడింది’ అనేది.

1. కొనేటప్పుడు

బీడు అంటే పోత ఇనుము. కరిగించి అచ్చులో పోస్తారు కాబట్టి మందంగా, బరువుగా ఉంటుంది. పలచటి రేకు పెనం వేరు, ఇది వేరు. కొట్లో పెనాన్ని ఒక చేత్తో వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని మోగితే మంచిదే. చప్పగా ‘టప్’ మంటే ఎక్కడో పగులుందని అనుమానించాలి. నేల మీద పెట్టి ఊగుతుందేమో కూడా చూడండి. చేతికి కాస్త గరగరలాడితే ఫరవాలేదు, వాడుతుంటే సర్దుకుంటుంది.

2. కడగడం, ఆరబెట్టడం

కొట్లో తుప్పు పట్టకుండా కొత్త పెనానికి నూనో మైనమో పూస్తారు. అది పోవాలి. వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి స్క్రబ్బరు తీసుకుని, గుడ్డతో తుడిస్తే మురికి అంటనంతవరకు తోమండి. ‘ముందే సీజన్ చేసినది’ అని అమ్మే పెనమైతే ఇంత తోమక్కర్లేదు, ఒకసారి కడిగితే చాలు.

మూడు రోజులు గంజిలోనో బియ్యం కడుగులోనో నానబెట్టాలంటారు పెద్దవాళ్లు. ఒక రాత్రి నానబెడితే నష్టం లేదు గానీ, గట్టిగా తోమితే దాని అవసరం కూడా ఉండదని నా అభిప్రాయం.

కడిగిన వెంటనే తుడిచి, పొయ్యి మీద సన్నమంటకు పెట్టి తడంతా ఆవిరైపోనివ్వండి. గాలికి ఆరుతుందిలే అని వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు కనబడుతుంది.

3. నూనె పట్టించడం

అందరూ పొరబాటు చేసేది ఇక్కడే. పెనం గోరువెచ్చగా ఉండగా అరచెంచా వేరుశనగ నూనె పోసి, పాత నూలుగుడ్డతో పైన, అడుగున, అంచులకు, పిడికి రుద్దండి. తర్వాత ఇంకో పొడిగుడ్డ తీసుకుని, పొరబాటున నూనె ఒలికిపోయిందేమో అన్నట్టు మొత్తం తుడిచేయండి. ఇంకేమీ మిగల్లేదు అనిపించాలి. నిజానికి కంటికి కనబడని పొర ఒకటి మిగులుతుంది, కావలసింది అదే. ఎక్కువైతే గట్టి పొర కట్టదు. బెల్లం పాకంలా జిగురుగా మారి, వేలు పెడితే అంటుకుంటుంది.

పొద్దుతిరుగుడు నూనె కూడా పనికొస్తుంది. అవిసె నూనె మంచిదని కొందరంటారు. దాని పొర అద్దంలా మెరుస్తుంది గానీ, కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది.

ఇప్పుడు కిటికీలు తెరిచి, మధ్యరకం మంట మీద పెట్టండి. పొగ మొదలయ్యాక ఓ పది నిమిషాలు ఉంచాలి. గ్యాస్ పొయ్యి మంట నడిమధ్యనే తగులుతుంది కదా, అందుకని రెండేసి నిమిషాలకు పెనాన్ని పక్కలకు జరుపుతూ అంచులనూ కాలనివ్వండి. ఇది చేయకపోతే నడుమ నల్లగా, చుట్టూ బూడిదరంగుగా మిగిలి, అట్టు అంచుల్లో అంటుకుంటుంది. తర్వాత పొయ్యి ఆపి చల్లారనివ్వండి. ఇది ఒక పూత. ఇలాంటివి నాలుగైదు వేయాలి.

ఒక్కో పూతకు కాలడం, చల్లారడం కలిపి దాదాపు అరగంట పడుతుంది, అంటే టీవీలో ఒక సీరియల్ నిడివి. పెనం కాలుతున్నప్పుడు వంటింట్లో, చల్లారుతున్నప్పుడు టీవీ ముందు ఉంటే సరిపోతుంది. నేను మొదటిసారి ఈ వరసను తారుమారు చేశాను. పొయ్యి మీద పెట్టేసి, అత్తాకోడళ్ల గొడవ ఎటు తేలుతుందో చూద్దామని హాల్లో కూలబడ్డాను. ప్రకటనలు వచ్చేసరికి హాలంతా పొగ, పక్కింటావిడ తలుపు కొడుతోంది. నూనె పూసిన పెనాన్ని మంట మీద పెట్టి పక్కకు వెళ్లకండి.

4. ఉల్లిపాయ, ఆపైన మొదటి అట్లు

పూతలయ్యాక రెండు ఉల్లిపాయలు తరిగి, కాస్త ఎక్కువే నూనె వేసి, పెనమంతా తిప్పుతూ నల్లబడేదాకా వేయించి పారేయండి. ఇనుపవాసన, మిగిలిన మసి దీంతో పోతాయి.

మొదటి వారం పెసరట్లు, మామూలు మినపట్లు వేయండి. నూనెకు వెనకాడకండి. రవ్వ దోసె, బెల్లం అట్టు లాంటివి తర్వాత చూసుకోవచ్చు, తీపి తగిలితే కొత్త పెనం వదలదు. వేడి తెలుసుకోవడానికి నాలుగు నీటిచుక్కలు చల్లి చూడండి. మెల్లగా ఆవిరైతే ఇంకా వేడెక్కాలి. చుక్కలు పూసల్లా గుండ్రంగా పరుగెడితే మితిమీరి వేడెక్కింది, పిండి గరిటెతో పాటే లేచి వచ్చేస్తుంది. అప్పుడు మంట తగ్గించి, కాసిని నీళ్లు చిలకరించి, నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో రుద్ది, ఆపైన పిండి వేయండి. అట్టు కింద ఎర్రగా కాలితే అంచు దానంతటదే లేస్తుంది. ఈలోపు అట్లకాడతో గీకారో, చిరుగుతుంది.

5. రోజూ

వాడాక పెనం గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్లతో, కొబ్బరి పీచుతో రుద్ది, పొయ్యి మీద ఆరబెట్టి, ఒక్క చుక్క నూనె రాసి పెట్టండి. ఎప్పుడన్నా కాస్త సబ్బు తగిలితే కొంపేమీ మునగదు. సింకులో నానబెట్టడమే చేటు. భగభగలాడే పెనం మీద చన్నీళ్లు కుమ్మరించినా ముప్పే, బీడు పగలొచ్చు.

చింతపండు పులుసు, టమాటా కూర దీంట్లో వండకండి. పులుపు ఆ పొరను తినేస్తుంది, కూరకూ ఇనుపరుచి వస్తుంది. చపాతీలకు వేరే పెనం పెట్టుకుంటే మంచిది, పొడిపిండి మాడి పెనానికి పట్టేస్తుంది. మా ఇంట్లో దోసెల పెనం మీద చపాతీ కాల్చిన రోజున అమ్మ మాట్లాడదు.

6. తుప్పు పడితే

ఊరెళ్లి వచ్చేసరికి తుప్పు కనబడితే కంగారుపడకండి. నానబెట్టిన చింతపండు, రాళ్ల ఉప్పు కలిపి రుద్దితే పోతుంది. పొరను తినేసే ఆ పులుపే ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. కడిగి ఆరబెట్టి మళ్లీ రెండు మూడు పూతలు వేయండి. జిగురు కట్టిన పెనాన్నయితే పొగ ఆగిపోయేదాకా మళ్లీ కాలిస్తే చాలావరకు గట్టిపడుతుంది. అప్పటికీ లొంగకపోతే గీకి మొదటి నుంచీ మొదలుపెట్టడమే.

అటక మీద అమ్మమ్మల కాలం నాటి పెనం ఉంటే, కొత్తది కొనే ముందు దాన్ని దించి చూడండి. మాది అలా దొరికిందే. పద్నాలుగేళ్లు గోనెసంచిలో పడుంది, పైకి ఇటుకరంగు. రెండు సార్లు చింతపండు, ఐదు పూతలు పట్టింది. ఆరో రోజున పెసరట్టు లేచింది.